కారు కింద ఎర్ర చుక్క

(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా డి.ఎ. బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు, మోకాళ్ళ నొప్పులు చర్చకు వస్తాయి. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ఉద్యోగ జీవితమంతా ఆర్టీసీ డిపో గ్యారేజీలో గడిపినవారు. ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్సు నుంచి నూనె కారడం గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఇదేం విషయమండీ అని మొదట అనుకున్నాను. తర్వాత లెక్క చూసుకుంటే, ఈ ఏడాదిలో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్.బి.నగర్ ప్రాంతాలలోని మనవాళ్ళే నలుగురు ఇదే సమస్యతో నా దగ్గరికి వచ్చారు. అంటే ఇది కూడా మోకాళ్ళ నొప్పుల ఖాతాలోనిదేనన్నమాట!

నిజానికి సంబంధం అదే. మనం ఉద్యోగాలు చేసిన రోజుల్లో కారున్నవారే తక్కువ, ఆటోమేటిక్ కారు సంగతి చెప్పనక్కరలేదు. 2014లో మారుతీ సెలెరియోతో తక్కువ ధరలో క్లచ్ పెడల్ లేని కారు వచ్చాక పరిస్థితి మారింది. ఎడమ మోకాలు ఆపరేషన్ అయినవారికి, మలక్‌పేట నుంచి కొత్తపేట దాకా గజం గజం కదిలే ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేనివారికి పిల్లలు ఇలాంటి కార్లు కొనిపెట్టారు. కారు ఇచ్చి పిల్లలు అమెరికా వెళ్ళారు. కారూ మనమూ ఇక్కడ మిగిలాం. ఒకరోజు ఉదయం పార్కింగ్‌లో కారు తీసి చూస్తే నేల మీద ఎర్ర చుక్క. గుండె ఝల్లుమంటుంది.

నేను చెప్పదలచింది ముందే రెండు మాటల్లో చెప్పేస్తాను. చుక్క పడేచోటు వేరు, కారేచోటు వేరు; కారేచోటు కళ్ళతో చూసేదాకా డబ్బు ఖర్చు పెట్టకండి. చూశాక మాత్రం ఒక్క వారం కూడా ఆలస్యం చేయకండి. మిగతా ప్రసంగమంతా ఈ రెండు మాటలకు వివరణే.

ముందుగా ఆ నూనె ఏం చేస్తుందో తెలుసుకుందాం. మామూలు కారులో ఇంజనును, గేర్లను కలపడానికి, విడదీయడానికి క్లచ్ ఉంటుంది. అసలు ఆటోమేటిక్‌లో ఆ పని టార్క్ కన్వర్టర్ అనే డొప్ప చేస్తుంది. బిందెలో మజ్జిగ కవ్వంతో చిలుకుతున్నప్పుడు అందులో ఒక గరిటె వదిలితే, ఆ గరిటె కూడా మజ్జిగతోపాటు తిరుగుతుంది కదా! కవ్వం ఇంజను, గరిటె గేర్‌బాక్సు, మధ్యలో మజ్జిగే మన నూనె. అంతటితో అయిపోలేదు. లోపలి క్లచ్ పలకలను బిగించే ఒత్తిడి ఆ నూనెదే. పళ్ళ చక్రాలకు కందెన అదే, వేడిని మోసుకుపోయేదీ అదే. ఇన్ని పనులు చేసే నూనె కనుకనే దానికి తగ్గితే గేర్‌బాక్సుకు ప్రాణం మీదికి వస్తుంది.

ఇలాంటి గేర్‌బాక్సును పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మినది అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ. 1939లో 'హైడ్రామాటిక్' పేరుతో ఓల్డ్స్‌మొబైల్ కార్లకు దానిని అందించింది. మరో విచిత్రం చెబుతాను. 1970ల ఆరంభం దాకా ఈ నూనెల్లో తిమింగలం నూనె కలిపేవారు. తిమింగలాల రక్షణకు చట్టాలు వచ్చాక దాని బదులు రసాయనాలు వాడడం మొదలుపెట్టారు. ఇక ఎరుపు రంగు నూనె సహజ రంగు కాదు. ఇంజను ఆయిల్ నుంచి తేడా తెలియాలనే రంగు కలుపుతారు. కనుక ఎర్ర చుక్క మనల్ని భయపెట్టడానికి కాదు, సమాచారం ఇవ్వడానికి!

అయితే క్లచ్ పెడల్ లేని ప్రతి కారులోనూ ఈ ఎర్ర నూనె ఉండదు. ఈ సంగతి తెలియక చాలామంది మోసపోతున్నారు. ఇందాక చెప్పిన సెలెరియో వంటి చవక రకం కార్లలో ఉండేది మామూలు గేర్‌బాక్సే. దానికి క్లచ్ తొక్కి గేర్లు మార్చే ఒక యంత్రపు చెయ్యి తగిలించారు. దీనిని ఏ.ఎం.టి. అంటారు. టార్క్ కన్వర్టర్ రకం రెండోది. సి.వి.టి. అనే బెల్టు రకం మూడోది. దాని నూనె వేరు, రంగు కూడా ఎరుపే కానక్కరలేదు. రెండు క్లచ్‌ల రకం నాలుగోది. మీ కారు ఏ రకమో హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. ఇవాళ ఇంటికి వెళ్ళగానే విప్పండి. నూనె రకం పేరు చూసి డైరీలో రాసుకోండి.

ఇక చుక్క సంగతి. రాత్రి కారు నిలిపేటప్పుడు కింద ఒక పెద్ద అట్టముక్క గాని, తెల్ల కాగితాలు గాని పరవండి. అట్ట మీద ముందు చక్రాలు ఎక్కడున్నాయో పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఉదయం ఆ అట్టే మీకు రిపోర్టు. రంగు, వాసన లేని నీళ్ళయితే అది ఏ.సి. నీరు, నిశ్చింతగా ఉండండి. పచ్చగానో గులాబీగానో ఉండి తియ్యటి వాసన వేస్తే రేడియేటర్ కూలెంట్. గోధుమ రంగు, నలుపు అయితే ఇంజను ఆయిల్. చక్రం దగ్గర నీళ్ళలా పలచగా, లేత పసుపుగా ఉంటే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. అప్పుడు కారు కదపకుండా మెకానిక్‌ను పిలవండి. ఎర్రగా ఉండి వేళ్ళ మధ్య జారుతుంటే గేర్‌బాక్సు నూనె. పాత కార్లలో పవర్ స్టీరింగుకూ ఎర్ర నూనే వాడేవారు, కాబట్టి ఆ డబ్బాలో మట్టం తగ్గిందేమో కూడా చూడండి. బాగా వాడిన నూనె ఎరుపు పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. మాడిన వాసన వస్తే మాత్రం లోపల పలకలు కాలుతున్నాయని అర్థం.

ఇప్పుడు ఒక అనుభవం చెబుతాను. చైతన్యపురిలో మా వీధిలో జిల్లా పరిషత్ హైస్కూలులో పనిచేసి రిటైరైన ఒక మాస్టారున్నారు. వారి శ్రీమతికి వారానికి రెండుసార్లు డయాలిసిస్. ఆసుపత్రి ఎల్.బి.నగర్ అవతల. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్.బి.నగర్ దాకా వచ్చింది, మంచిదే. కాని డయాలిసిస్ అయ్యాక నీరసించిపోయిన మనిషిని స్టేషను దాకా నడిపించి తీసుకురావడం ఎలా? ఆటోవాళ్ళు వేళకు దొరకరు. మాస్టారి ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. నాలుగు గేర్ల ఆటోమేటిక్ చిన్న కారే ఆ ఇంటికి ఆధారం.

ఆ కారు కింద ఎర్ర చుక్కలు పడ్డాయి. ఒక వర్క్‌షాపుకు తీసుకువెళితే, వంగి టార్చి వేసి చూసి, "గేర్‌బాక్సు దింపాలి, ఓవర్‌హాల్ చేయాలి, ఎనభై అయిదు వేలు అవుతుంది" అన్నారట. మాస్టారికి అది రెండు నెలల పెన్షన్‌కు మించిన మాట. "ఫోర్‌మన్ గారూ, వచ్చిన ధరకు అమ్మేద్దామనుకుంటున్నాను" అన్నారు. ఆమె లోపలి గదిలోంచి, "నా మూలంగానే కదండీ ఇదంతా" అన్నారు. ఆ మాట విని ఊరుకోబుద్ధి కాలేదు. "మాస్టారూ, ఒక్కరోజు ఆగండి. అమ్మడం ఎప్పుడైనా అమ్మవచ్చు" అన్నాను.

మర్నాడు ఎల్.బి.నగర్‌లో నాకు తెలిసిన ఒక కుర్ర మెకానిక్ షెడ్డుకు తీసుకువెళ్ళాం. చిన్న షెడ్డే అయినా కారును పైకెత్తే లిఫ్ట్ ఉంది. చుక్కలు గేర్‌బాక్సు అడుగున ఉన్న చాంబర్ వెనక అంచు నుంచి పడుతున్నాయి. చూసినవారెవరైనా చాంబర్ ప్యాకింగ్ పోయిందంటారు, లేదా సీల్ పోయిందంటారు. మేము ఏమీ విప్పలేదు. ముందు గేర్‌బాక్సు అంతా జిడ్డు పోయేలా కడిగించి, గుడ్డతో తుడిచి, గాలి కొట్టి ఆరబెట్టాం. తర్వాత హయత్‌నగర్ దాకా వెళ్ళి వెనక్కు వచ్చి, మళ్ళీ లిఫ్ట్ ఎక్కించి టార్చి వేసి కింది నుంచి పైకి చూసుకుంటూ పోయాం. తడి ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా పోవాలి. తడి ఆగి, పొడి మొదలయ్యే చోటే దొంగ ఉంటాడు.

దొంగ చాంబర్ దగ్గర లేడు. జానెడు పైన, గేర్‌బాక్సు నుంచి రేడియేటర్ వైపు వెళ్ళే కూలర్ గొట్టం దగ్గర ఉన్నాడు. తొమ్మిదేళ్ళ వేడికి రబ్బరు గట్టిపడింది. క్లిప్పు పట్టు వదిలింది. అక్కడి నుంచి నూనె సన్నగా ఊరి, కారు పరుగులో గాలికి వెనక్కు పాకి, చాంబర్ అంచు చేరి చుక్కగా రాలుతోంది. ఆ కుర్రవాడు, "గేర్‌బాక్స్ మంచిగనే ఉంది సార్, పైపొక్కటే పోయింది" అన్నాడు. రెండు గొట్టం ముక్కలు, నాలుగు క్లిప్పులు, పోయినంత నూనె, కూలీ, అన్నీ కలిపి 1,850 రూపాయలు. మరుసటి డయాలిసిస్‌కు అదే కారులో వెళ్ళారు.

ఇందులో ఒక మెలకువ ఉంది. గొట్టమే కదా అని రేడియేటర్ నీళ్ళ గొట్టం ముక్క కోసి తగిలించకూడదు. నూనెకు, వేడికి తట్టుకునే రకం వేయాలి. నీళ్ళ గొట్టం నూనె తాగి ఉబ్బి, నాలుగు రోజుల్లో జారిపోతుంది. మా డిపోలో కూడా సరైన రబ్బరు వస్తువు కాకపోతే స్టోర్సుకు తిప్పి పంపేవాళ్ళం.

గొట్టం కాకపోతే ఇంకెక్కడ కారవచ్చు? ఖర్చు వరుసలో చెబుతాను. మొదటిది డ్రెయిన్ ప్లగ్గు. దాని కింద రాగి లేక అల్యూమినియం వాషర్ ఉంటుంది. అది ఒకసారి నలిగితే మళ్ళీ పనికిరాదు, ప్లగ్గు విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. పదుల రూపాయల వస్తువు. రెండవది చాంబర్ ప్యాకింగ్. మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. అవి తగిలి చాంబర్ నొక్కుకుపోయినా కారుతుంది. కారుతోందని బోల్టులను బలంకొద్దీ బిగిస్తే అంచు వంగి ఇంకా కారుతుంది. చక్రం నట్లకు సుమారు 100 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. ఈ చిన్న బోల్టులకు చాలా కార్లలో 10 చుట్టుపక్కల చాలు. ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా బిగించాలి. చాంబర్ విప్పినప్పుడు లోపలి అయస్కాంతాన్ని మీకు చూపించమనండి. బూడిదలాంటి మెత్తని ఇనుప పొడి సహజం. లోహపు ముక్కలు ఉంటే మాత్రం లోపల అరుగుదల ఉన్నట్టు.

మూడవది చక్రాలకు వెళ్ళే డ్రైవ్ షాఫ్టుల దగ్గరి ఆయిల్ సీళ్ళు. షాఫ్టు లాగి సీల్ మార్చవచ్చు, గేర్‌బాక్సు దింపనక్కరలేదు. నాలుగవది ఇంజను, గేర్‌బాక్సు కలిసే చోట లోపల ఉండే కన్వర్టర్ సీల్. సీల్ ధర తక్కువే, కాని దాన్ని చేరడానికి గేర్‌బాక్సు నిజంగానే దింపాలి. అక్కడ కూడా తొందర వద్దు. అదే సందులోంచి ఇంజను ఆయిల్ కూడా కారవచ్చు కనుక, నలుపా ఎరుపా చూశాకే ఒప్పుకోండి. అప్పుడైనా మారేది సీలే. సీల్ మార్చడం వేరు, ఓవర్‌హాల్ వేరు. ఈ తేడా బిల్లులో వేలల్లో కనిపిస్తుంది.

ఇక నూనె మట్టం. కొన్ని కార్లలో డిప్‌స్టిక్ ఉంటుంది. సాధారణ పద్ధతి ఏమిటంటే, కారును చదునైన చోట నిలిపి, పది పదిహేను కిలోమీటర్లు నడిచి వేడెక్కిన తర్వాత, బ్రేకు తొక్కిపట్టి లీవరును అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి, మళ్ళీ పార్కింగ్‌లో పెట్టి, ఇంజను నడుస్తుండగానే చూడాలి. కొన్ని కార్లకు న్యూట్రల్‌లో, మరికొన్నింటికి ఇంజను ఆపి చూడమంటారు. హ్యాండ్‌బుక్ మాటే ప్రమాణం. డిప్‌స్టిక్ లేని కార్లలో నూనె వేడిని మీటరుతో కొలుస్తూ ప్లగ్గు ద్వారా మట్టం సరిచేయాలి. అది వర్క్‌షాపు పని, ఇంట్లో ప్రయత్నించకండి.

మట్టం తగ్గితే పంపు నూనెతోపాటు గాలిని పీలుస్తుంది. ఎక్కువైతే తిరిగే భాగాలు నూనెను చిలుకుతాయి. రెండు విధాలా మజ్జిగ నురగే! నురగకు ఒత్తిడి ఉండదు, ఒత్తిడి లేకపోతే పలకలు జారి కాలిపోతాయి. పైగా ఎక్కువ పోస్తే గాలి రంధ్రం గుండా బయటికి తన్నుకొచ్చి మళ్ళీ కారినట్టే కనిపిస్తుంది. ఎర్రగా ఉంది కదా అని ఏదో ఒక నూనె పోయకండి. సి.వి.టి.లో మామూలు ఎర్ర నూనె పోస్తే గేర్‌బాక్సే చెడుతుంది.

"చిన్న చుక్కే కదా, నెలనెలా పోసుకుంటే పోలేదా?" అని అడిగేవారున్నారు. మా కాలనీలోనే ఒకాయన అలాగే చేశారు. లెక్క చూడండి. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. నిమిషానికి ఒక చుక్క చొప్పున ఇరవైనాలుగు గంటలు కారితే 1,440 చుక్కలు, అంటే 72 మిల్లీలీటర్లు. వారానికి అర లీటరు! గేర్‌బాక్సు మొత్తం పట్టేది ఆరేడు లీటర్లే. పైగా కారడం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. ఆయన రెండు నెలలు ఊరికి వెళ్ళి వచ్చారు, నూనె చూడడం మరచిపోయారు. ఎల్.బి.నగర్ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఇంజను అరుస్తోంది, కారు కదలదు. వెనక లారీలు. మనిషికి ఏమీ కాలేదు, అది దేవుడి దయ. గేర్‌బాక్సు మాత్రం కాలిపోయింది. మాస్టారికి చెప్పిన ఎనభై అయిదు వేలు ఈయనకు నిజంగానే అయింది. డి.లో పెట్టాక కారు ఆలస్యంగా కదలడం, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరిచినా వేగం అందుకోకపోవడం ముందు నుంచీ ఉన్నాయట. ఈ రెండూ కనిపిస్తే ఇక నడపకండి.

బజారులో కారడాన్ని ఆపే మందు సీసాలు అమ్ముతారు. అవి రబ్బరు సీళ్ళను మెత్తబరచి ఉబ్బిస్తాయి. కొన్నాళ్ళు ఆగినట్టుంటుంది. పగిలిన గొట్టానికి, వదులైన క్లిప్పుకు, వంగిన చాంబర్‌కు అవి చేసేదేమీ లేదు.

మన ప్రాంతానికి సంబంధించి ఇంకొక మాట. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. కార్లు రోజులతరబడి నీళ్ళలో నిలిచాయి. గేర్‌బాక్సుకు పైన గాలి రంధ్రం ఉంటుందని చెప్పాను కదా, కారు మునిగితే నీళ్ళు అందులోంచి లోపలికి పోతాయి. అప్పుడు నూనె గులాబీ పాలలాగా మారుతుంది. మునిగిన కారును స్టార్టు చేయనే కూడదు. నూనె మార్చి, పరీక్ష చేయించాకే తాళం తిప్పాలి. ఇలాంటి కారు గాని, నూనె పోయిన కారు గాని దారిలో ఆగితే తాడు కట్టి లాగించకండి. తిరిగే చక్రాలతోపాటు గేర్‌బాక్సు లోపలి భాగాలు కందెన లేకుండా తిరిగి అరిగిపోతాయి. కారు మొత్తాన్ని ఎక్కించుకుపోయే బండినే పిలిపించండి.

చేతిపని మీద సరదా ఉన్నవారికి ఒక హెచ్చరిక. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి దూరవద్దు. స్టాండ్లు వేసి, చక్రాలకు అడ్డు పెట్టినా సరే, మన వయసులో అది మన పని కాదు. వేడి నూనె చేతిమీద పడితే బొబ్బలెక్కుతుంది. అట్ట పరవడం, రంగు చూడడం, మట్టం చూడడం మన పని; పానా పట్టుకోవడం మెకానిక్ పని. తీసిన నూనెను మురుగు కాలువలో పోయనివ్వకండి. మన కాలువల నీళ్ళు చివరికి చేరేది చెరువుకో మూసీకో.

చివరగా, వర్క్‌షాపులో అడగవలసిన ప్రశ్నలు నాలుగు. కడిగి చూశారా? కారే చోటు నాకు చూపిస్తారా? మార్చేది ఏ వస్తువు, తీసిన పాత వస్తువు నాకిస్తారా? ఏ నూనె పోస్తున్నారు, డబ్బా మీద పేరు చూడవచ్చా? మర్యాదగా, నవ్వుతూ అడగండి. మంచి మెకానిక్ సంతోషంగా చూపిస్తాడు. విసుక్కునేవాడైతే నమస్కారం పెట్టి కారు వెనక్కు తిప్పండి. ఫైలులో కాగితం చూడకుండా సంతకం పెట్టనివాళ్ళం మనం. కారు విషయంలో మాత్రం చూడకుండా ఎందుకు పెట్టాలి?

 సందేహాలున్నవారు టీ సమయంలో నన్ను కలవండి. అట్టముక్క మీది మరకను ఫోనులో ఫోటో తీసి తెచ్చినా సరే, చూసి చెబుతాను.

సెలవు. నమస్కారం.